రాళ్లు లేని జాబితా

1913 ఏప్రిల్ 7, సోమవారం, ఉదయం తొమ్మిదిన్నర. పోర్ట్ లూయిస్ రేవు వెనక వీధిలో మా మామగారి వ్యవసాయ యంత్రాల దుకాణం. పై గదిలో ముగ్గురం కూర్చున్నాం: మామగారు, ఊళ్లు తిరిగి సరుకు అమ్మే సింహాచలం, స్టాకు పుస్తకాలు రాసే నేను. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. వచ్చే రెండేళ్లకు ఏం తెప్పించాలో ఆ రోజు తేల్చాలి.

మా వ్యాపారంలో ముందుచూపంతా ఇండెంట్‌లోనే ఉంటుంది. ఫలానా సరుకు ఇన్ని కావాలని ఇంగ్లీషు సీమలోని ఫ్యాక్టరీకి స్టీమరులో పంపే ఉత్తరం అది. సరుకు దిగడానికి అయిదారు నెలలు. పంపాక వెనక్కి తీసుకోవడం కుదరదు.

అప్పట్లో మా దీవిలోని చెరకు ఎస్టేట్లు అంచు భూములను ముక్కలు చేసి అమ్ముతున్నాయి. ట్రియోలే ఊరి వైపు కొన్నవారి జాబితా నేను సంపాదించాను. నూట నలభై నాలుగు కుటుంబాలు. మూడింటికి ఒకటి చొప్పున నలభై ఎనిమిది ఇనుప నాగళ్లు. మామగారు రెండుసార్లు సరిచూశారు. లెక్కలో తప్పు లేదు.

సింహాచలం ఒప్పుకోలేదు. పదకొండేళ్లుగా ఆ ఊళ్లు కాలినడకన తిరిగిన మనిషి. పార గాని కత్తి గాని అతను బాగుందంటే చాలు, జనం తీసుకునేవారు.

“కోడలమ్మా, మీ కాగితం మీద రోస్ లేవు,” అన్నాడు. రోస్ అంటే ఇక్కడి మాటలో రాళ్లు. “అక్కడ గుంట తవ్వి చెరకు ముక్క పెట్టడమే. నాగటి చాలు తీసేదెక్కడ?”

ఎస్టేట్లలో దున్నడం లేదా అని అడిగాను.

“ఆ పొలాల్లో రాళ్లు ఏరింది కూలికొచ్చిన మా నాయనలే. ఏరి ఎక్కడ పోశారనుకున్నారు? ఇప్పుడు అమ్ముతున్న ముక్కల్లోనే. ఒక్కసారి వచ్చి చూడండి.”

ట్రియోలే బండి మీద రెండు గంటల దారి. స్టీమరు ఉత్తరాల సంచి పన్నెండుకు కట్టేస్తారు. “నువ్వు చెబితే వాళ్లు కొంటారులే, సింహాచలమన్నా,” అన్నాను.

“అదే నా భయం,” అన్నాడు. ఇండెంట్ ఆ సంచిలోనే వెళ్లింది.

నాగళ్లు సెప్టెంబరు 20న దిగాయి. మామగారి మాట తీసెయ్యలేక సింహాచలం నాగళ్లు తీసుకోమని ఊళ్లో చెప్పాడు. ఏడు ఇళ్లవారు తీసుకున్నారు. అక్టోబరు 5, ఆదివారం, మొదటి నాగలికి పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. నాగలి మేడి సింహాచలమే పట్టాడు. నేను గట్టు మీద ఉన్నాను. ఆ నేలను చూడడం నాకదే మొదలు. పది అడుగులైనా సాగకముందే కర్రు లోపలి బండకు తగిలి విరిగింది. ఒక ఎద్దు రాళ్ల మధ్య పడి కాలు విరగ్గొట్టుకుంది.

ఎద్దు యజమాని అప్పలసామి నా వైపు చూడనైనా లేదు. “నువ్వు చెప్పావనే తీసుకున్నాంరా, అల్లుడా,” అని, వరస కలిపి పిలిచే సింహాచలంతో అన్నాడు. ఆ లెక్క నాదని సింహాచలం చెప్పలేదు. చెప్పాల్సిన నేనూ నోరు విప్పలేదు.

మర్నాడు అతను ఊళ్లకు మోసుకెళ్లే సరుకు సంచీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. “ఆ ఊళ్లలో ఇక నా మాట నడవదమ్మా,” అని రేవులో మూటలు మోసే పనికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నేల మీద నడవకుండా నేను ఏ ఇండెంటూ రాయలేదు. అది నేర్చుకున్నది ఇంకొకరి ఖర్చుతో.

తెప్పించిన నాగళ్లు నలభై ఎనిమిది. అమ్మినవి ఏడు. తిరిగొచ్చినవి ఏడు. పోయిన ఎద్దు ఒకటి. సింహాచలం నడిచిన ఏళ్లు పదకొండు.