మా లెఫ్ట్ బ్యాక్ దాటనిచ్చిన ఒకే ఒక్కడు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మార్కాపురం వాళ్లం కూడా కొంచెం ఛాతీ విరుచుకొని తిరిగేవాళ్లం. మా జిల్లా ఊరే రాష్ట్రానికి ముఖ్యపట్టణం మరి. నేను వార్తలు పంపే దినపత్రికకు మాత్రం ఆ గొప్ప అంతగా తెలిసినట్టు లేదు. మా వైపు నుంచి వానలు, గొర్రెల తెగుళ్లు, దోర్నాల దారిలో ఆగిపోయిన యాత్రికుల బస్సు, ఇవి రాస్తే అచ్చు వేసేవాళ్లు. ఫుట్‌బాల్ ఆట గురించి మూడు పేజీలు పంపితే రెండు వాక్యాలు మిగిలేవి. ఫలానా జట్టు గెలిచింది. ఆట ఆసక్తికరంగా సాగింది.

ఒకసారి ఆఫీసు నుంచి కార్డు వచ్చింది, రెండో గోల్ ఎవరు కొట్టారో రాయలేదేమని. నాకూ గుర్తు లేదు. ఆ సిగ్గుతో, అప్పటి నుంచి గ్రౌండు పక్కన కూర్చుని బంతికి తగిలిన ప్రతి తాపూ రాసుకోవడం మొదలుపెట్టాను. బంతిని ఏ పక్క నుంచి ఎవరు తెచ్చారు, మావాళ్లలో ఎవరు అడ్డం పోయారు, ఆపారా, దాటనిచ్చారా. "అన్నా, మేం తుమ్మింది కూడా రాసినావా?" అని ఆటగాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. ఒకటి రెండుసార్లు రాశాను కూడా.

ఆ ఏడు గిద్దలూరు జట్టు చేతిలో వరసగా రెండు ఆటలు ఓడిపోయాం. మా గ్రౌండులో మూడు గోల్స్, వాళ్ల గ్రౌండులో రెండు. రెండో ఆట అయ్యాక గిద్దలూరు స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడే నేరం ఎవరిదో తేలిపోయింది. జట్టును నడిపేది హైస్కూలు డ్రిల్ మాస్టరు. ఆయన గోల్ కీపర్ వైపు తిరిగి, "అయిదు పడినాయి. నువ్వు ఆ రెండు కర్రల మధ్య నిలబడినావా, మూడో కర్రవైనావా? వచ్చే ఆటకు వేరే మనిషిని చూసుకుంటాలే" అన్నాడు.

పలకల కార్ఖానాలో రాయి కోసే మనిషి ఆ కీపర్. వారమంతా ఆ దుమ్ములో కూర్చుని, సాయంత్రం గ్రౌండులో గడిపే ఆ గంటన్నర కోసమే ఊపిరి దాచుకున్నట్టుండేవాడు. మరునాడు నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నువ్వన్నీ రాస్తావు కదా. ఆ అయిదూ నా తప్పేనా, చూసి చెప్పు. నా తప్పే అయితే సార్ తీసేయకముందే నేనే తప్పుకుంటా."

మధ్యాహ్నం అన్నాల వేళ కార్ఖానాలో కూర్చున్నాం. మూల విరిగి పక్కన పడేసిన పెద్ద పలక ఒకటి తెచ్చి, దాని మీద బలపంతో గ్రౌండు గీశాడు. నేను పుస్తకం చూసి చదివాను, అతను గుర్తులు పెట్టాడు. వాళ్ల ఫార్వర్డును మావాళ్లు ఆపితే గీత, వదిలేస్తే సున్నా. మధ్యలో, కుడివైపు, ఏ జట్టుకైనా ఉండేటట్టు గీతలూ సున్నాలూ కలిసి ఉన్నాయి. ఎడమవైపు మాత్రం వరసగా గీతలే. వాటి పక్కన, రాయి కింద తేలు పిల్లల్లాగా, ఒకే చోట ఏడు సున్నాలు.

ఏడూ ఒకే మనిషివి. గిద్దలూరు రైట్ వింగ్ ఆటగాడు. అయిదు గోల్స్‌లో నాలుగు అతని దగ్గరే పుట్టాయి.

"అయిదోది మాత్రం నీదే" అన్నాను.

"అది నాదే అన్నా. కంట్లో ఎండ పడింది."

ఆ ఏడు సున్నాలు మమ్మల్ని తికమక పెట్టాయి. ఎడమవైపు కాసే మా లెఫ్ట్ బ్యాక్ త్రిపురాంతకం దారిలో గొర్రెల మంద ఉన్న నలభై ఏళ్ల మనిషి. వాకిలి తలుపంత వెడల్పు. ఊరందరికీ మామే గాని, గ్రౌండులో దిగితే ఎవరికీ చుట్టం కాదు. ఆయన ఎదురొస్తుంటే ఫార్వర్డులు బంతి సంగతి దేవుడికి వదిలి తమ కాళ్లు కాపాడుకునేవాళ్లు. ఆ రైట్ వింగ్ ఆటగాడు చూస్తే అడవి శాఖ డిపోలో గుమాస్తా. ఆటలో జుట్టు చెదిరితే నిలబడి సర్దుకునే రకం.

"ఆ గుమాస్తా కన్నా మా మేనత్త బిరాన పోతది" అన్నాడు కీపర్. "మామ ఎట్ల వదిలినాడు?"

పోయి ఆయననే అడిగాం. దొడ్లో గొర్రెను కూలేసి డెక్కలు చెక్కుతున్నాడు.

"మామా, గిద్దలూరు రైట్ వింగ్ నిన్ను ఏడుసార్లు దాటినాడు. ఒక్కసారి కూడా నువ్వు కాలు అడ్డం పెట్టలేదు. అన్న రాసినాడు" అన్నాడు కీపర్.

ఆయన నా వైపు కోపంగా చూశాడు. "నీకు వేరే పని లేదా అబ్బయ్యా?"

"పని అదే" అన్నాను.

"ఎట్ల పెట్టమంటావు కాలు?"

"అందరికీ పెట్టినట్టే."

"అందరూ నా అల్లుళ్లా?"

అప్పుడు బయటపడింది. ఆయన అన్న చనిపోయి చాలా కాలమైంది. అన్న కూతురికి మొన్న వైశాఖంలోనే వాళ్ల పల్లెలో పెళ్లి చేశాడు, ఆ గుమాస్తాతో. మేమెవరమూ ఆ పెళ్లికి పోలేదు. పీటల మీద కూర్చున్నది ఈయనా, ఈయన భార్యా.

"పళ్లెంలో పెట్టి ఈ చేతులతో కడిగిన కాళ్లయ్యా అవి. ఆ నీళ్లు నెత్తిన చల్లుకున్నా. ఆరు నెలలు కాలే, ఆ కాళ్ల మీద నా వట్టి కాలు వేసి తొక్కమంటావా? గొర్రెల పేడ అంటిన కాలు! మా అన్న పైనుంచి చూస్తా ఉండడా?"

అప్పట్లో మావాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఆడేవాళ్లు. ఆయన చెప్పినదాంట్లో కాదనడానికి నాకేమీ కనిపించలేదు.

"మరి గోల్ పడతా ఉంటే?" అన్నాడు కీపర్, గొంతు తగ్గించి.

"వెనక నువ్వుండావు కదా అనుకున్నా."

కీపర్ నేల చూశాడు. ఆయన కత్తి పక్కన పెట్టి, "ఈ మాట సార్‌కు చెప్పొద్దు నాయనా. మామను ఏడుసార్లు దాటినానని ఆ పిల్లోడు గిద్దలూరంతా చెప్పుకుంటా ఉండాడంట. మా అమ్మాయి విని మురిసిపోతా ఉంది. నేను వదిలినానని తెలిస్తే ఇద్దరూ చిన్నబోతారు" అన్నాడు.

ఒక్క మాట చెబితే కీపర్ మీది నింద పోతుంది. తిరిగొచ్చేటప్పుడు అతనే అన్నాడు, "చెప్పొద్దులే అన్నా. లెక్క ఒకటే చూపిద్దాం."

పలక మోసుకొని స్కూలుకు పోయాం. డ్రిల్ మాస్టరు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఏంది ఇది? ఫుట్‌బాలా, పంచాంగమా?"

నాలుగు గోల్స్ ఎక్కణ్ణుంచి వచ్చాయో చూపించాను. అయిదోది ఎండ కంట్లో పడి వదిలానని కీపరే ఒప్పుకున్నాడు. బ్యాకులు ఇద్దరినీ పక్కలు మార్చమన్నాను. కుడివైపు ఆడే అతను బేస్తవారిపేట మిషను బడి పంతులు. అతనికి గిద్దలూరులో చుట్టరికాలు ఏమీ లేవని ముందే కనుక్కొని పెట్టుకున్నాను.

"అందరినీ ఆపినోడు ఆ ఎండుపుల్లను ఎందుకు ఆపలేకపోయినాడు?"

"లెక్కలో అది రాదు సార్."

"పత్రికోళ్లకు కావలసిందొక్కటే రాదు" అన్నాడు. కాసేపు ఆ ఏడు సున్నాలను గోటితో గీకాడు. "సరే. ఒక్క ఆట చూస్తా. గోల్ పడిందా, కీపర్ కార్ఖానాకు, నువ్వు వానల వార్తలకు."

మూడో ఆట రెండూళ్లకూ మధ్యలో, కంభంలో జరిగింది. బ్యాకులు పక్కలు మార్చేసరికి గిద్దలూరు వాళ్లు ఈలలు వేశారు. "అల్లుడికి భయపడి మామ ఆ పక్కకు పోయినాడురోయ్!" అని అరిచారు. మామ తల వంచుకొని ఆడాడు. చుట్టరికం సంగతి ఈ అరుపుల వల్లే డ్రిల్ మాస్టరు చెవిన పడింది. నా వైపు ఒకసారి చూశాడు. నేను పెన్సిలు చెక్కుకున్నాను.

ఆట చివరిదాకా ఎవరికీ గోల్ లేదు. ఇంకో అయిదు నిమిషాల్లో అయిపోతుందనగా గుమాస్తా బంతి తీసుకొని మా ఎడమ పక్కగా వచ్చాడు. పంతులు ఎదురుపోయాడు. బంతికి కాలు పెట్టాడు గాని, ఊపులో గుమాస్తా ఎగిరి గులకరాళ్ల మీద పడ్డాడు. రెఫరీ ఈల వెయ్యలేదు. కుడివైపు ఉన్న మామ మాత్రం ఆట మరిచిపోయి, గ్రౌండుకు అడ్డంగా పరుగెత్తుకొని పోయి, మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"దెబ్బ తగిలిందా నాయనా? ఏదీ, కాలు చాపు."

కాలు చాపించి, తన బనియను కొసతో దుమ్ము తుడుస్తున్నాడు. ఇంతలో పంతులు కాలికి తగిలి దొర్లిన బంతి వాళ్ల లెఫ్ట్ వింగ్‌కు దొరికింది. మా కుడివైపు అంతా ఖాళీ. మనిషన్నవాడు లేడు. ఉన్నది కర్రల ముందు కీపర్ ఒక్కడే.

అతను ఆ రోజు కర్రల మధ్య ఆగలేదు. ముందుకు ఉరికి, తన్నబోతున్న కాలి ముందు అడ్డంగా పడి, బంతిని కడుపులోకి లాక్కున్నాడు. తాపు భుజానికి తగిలింది. చాలాసేపు లేవలేదు. లేచినప్పుడు బంతి చేతుల్లోనే ఉంది.

ఆట గోల్స్ లేకుండానే ముగిసింది. పుస్తకంలో ఆఖరి గీత నేను కీపర్ పేరున పెట్టాను. మామకు ఏం పెట్టాలో తెలియక ఆ చోటు వదిలేశాను.

డ్రిల్ మాస్టరు మామను దగ్గరికి పిలిచాడు. తిట్లు వినడానికి అందరం చేరాం.

"మీ అన్నకు ఇంకో కూతురు ఉందా?"

"ఉంది సార్. చిన్నది. వచ్చే ఏడు చూడాల."

"కంభం సంబంధం చూడొద్దు. వచ్చే నెల ఈ ఊరోళ్లతో ఆడాల."

తర్వాత కీపర్ వైపు తిరిగాడు. అతను భుజం పట్టుకొని, ఇంకా బంతిని చంకలోనే ఇరికించుకొని నిలబడ్డాడు.

"నువ్వేంది అట్ల చూస్తా ఉండావు? భుజానికి నూనె రాసుకో. ఆ ఎండ కంట్లో పడే సంగతి రేపు సాయంత్రం మాట్లాడుదాం, గ్రౌండుకు రా."