పడవకు చెరువు చూసిన చలికాలం

పెళ్లి సంబంధాలు చూసేవాళ్ల మీద నాకు పెద్ద గౌరవం లేదు గానీ, పడవకు చెరువు చూసేవాళ్లకంటే వాళ్లు చాలా నయం. కనీసం పిల్లాడు బతికున్నాడా లేడా అన్నది ముందే కనుక్కుంటారు. మేం మూడు నెలలు చెరువులు చూశాం, అది కూడా కనుక్కోకుండానే.

పడవంటే ఏదో ఊహించుకోవద్దు. తెరచాప కట్టిన పదకొండడుగుల డింగీ. ఇద్దరు కూర్చుంటే సరిపోతుంది, ముగ్గురు కూర్చుంటే స్నేహాలు తెగిపోతాయి. నేనూ, మా ఆఫీసులో క్వాలిటీ విభాగం చూసే మేడమూ కలిసి కొన్నాం. సుచిత్ర ఏరియాలోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో అది బోర్లా పడి ఉండేది. దాని మీద ఎవరో రోజూ డోర్‌మ్యాట్లు ఆరేసేవారు. సెల్లార్‌లో ఎండ ఎక్కడిదని అడగకండి. మా అపార్ట్‌మెంట్‌లో చాలా పనులకు కారణాలుండవు.

నాకు డింగీ నడపడం వచ్చు. కాలేజీలో ఎన్‌సీసీ నేవీ కేడెట్‌గా ఉన్నప్పుడు రెండు వర్షాకాలాలు హుస్సేన్‌సాగర్‌లో నేర్చుకున్నాను. మేడంకు రాదు. ఆమె మేడ్చల్‌లో పుట్టి పెరిగిన మనిషి. తెరచాపను టీవీలో తప్ప చూడలేదు. జనవరి ఆఖరుకు ఆమెకు ఇంకో రాష్ట్రంలోని ప్లాంటుకు బదిలీ అయింది. వెళ్లేలోపు ఒక్కసారి, చుక్కాని తన చేత్తో పట్టుకుని, తెడ్డు ముట్టకుండా, ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు పోవాలని ఆమె కోరిక. ఆ మాట ఒకేసారి చెప్పింది, అదీ క్యాబ్ కిటికీలోంచి బయటికి చూస్తూ. ఏదీ రెండోసారి అడిగే రకం కాదు కాబట్టి నేను గుర్తుపెట్టుకున్నాను.

ఇక చెరువు ఎంచుకోవడమే మిగిలింది. మామూలు మనుషులైతే ఒక ఆదివారం వెళ్లి చూసి వచ్చేవాళ్లు. తుర్కపల్లి మందుల ల్యాబుల్లో పనిచేసేవాళ్లం మామూలు మనుషులం కాదు. కాగితం మీద లేనిది జరగనట్టే అని మాకు నూరిపోశారు. మేడం మొదటి రోజే ఒక పట్టిక తయారుచేసింది. అడ్డంగా చెరువులు, నిలువుగా పదిహేడు గళ్లు. రోడ్డు, పార్కింగ్, లోతు, నీటి వాసన, గుర్రపుడెక్క, కుక్కలు, దగ్గర్లో టిఫిన్, ఆడవాళ్లకు బాత్రూమ్, ఫొటోలు దిగే జంటల రద్దీ. ప్రతి గడికీ మార్కులు. మార్కులు మార్చాలంటే కారణం రాసి, ఇద్దరం సంతకాలు పెట్టాలి. రోజూ సుచిత్ర నుంచి తుర్కపల్లి దాకా కంపెనీ క్యాబ్‌లో ఇదే పని.

మేడ్చల్ చెరువుకు మంచి మార్కులే వచ్చాయి.

"వద్దయ్యా," అంది మేడం. "మా మేనమామలు ముగ్గురు పొద్దుగాల కట్ట మీదనే వాకింగ్ జేస్తరు. నన్ను పడవల జూస్తే ఊరంత చెప్తరు."

"ఏమని చెప్తరు మేడం?"

"ఏమని చెప్పినా చెప్తరు. అయిదు మార్కులు తియ్యి."

మేనమామల కోసం పట్టికలో పద్దెనిమిదో గడి పుట్టింది. సూరారం వైపు చెరువును గుర్రపుడెక్క గడి మింగేసింది. దూరాన ఉన్న పెద్ద జలాశయాలు టిఫిన్ గడిలో తప్పాయి. శామీర్‌పేట చెరువు అన్నిట్లోనూ గట్టెక్కింది. పార్కింగ్‌లో అయితే పదికి పది, పడమటి ఒడ్డున బండి నీళ్ల దాకా పోతుంది. ఇదంతా తేలడానికి పట్టికను నాలుగుసార్లు తిరగరాశాం. నాలుగోసారి సంతకాలయ్యేసరికి జనవరి మూడో వారం దాటింది. మేడంకు మిగిలింది ఒక్క ఆదివారం. గురువారం ఆమె రైలు.

మా క్యాబ్ డ్రైవర్‌ది శామీర్‌పేట దగ్గర పల్లె. ముస్లింలు, చెరువు కింద పొలం ఉంది. నెలల తరబడి మా చర్చలన్నీ అద్దంలోంచి వింటూ ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"సార్, గీ పడవకు ఇంజన్ ఉంటదా?"

"ఉండదు. గాలితోని పోతది."

అద్దంలోంచి నన్నోసారి చూసి మళ్లీ రోడ్డు మీదికి తిరిగాడు. ఆ చూపును నేను మెచ్చుకోలు అనుకున్నాను.

ఆదివారం ఆరింటికల్లా పడవను ట్రాలీ ఆటోలో వేసుకుని చేరాం. చేపలు పట్టేవాళ్లను ముందే అడిగి ఒప్పించిపెట్టింది మా డ్రైవరే, దించడానికి సాయం కూడా వచ్చాడు. మంచు తెర తొలగాక చెరువు కనపడింది. ఇస్త్రీ చేసి పరిచినట్టుంది. ఒక్క ముడత లేదు. లైఫ్ జాకెట్లు తొడుక్కుని, పడవను నీళ్లలోకి తోసి, తెరచాప ఎత్తాను. అది దండెం మీద తడి లుంగీలా వేలాడింది. అరగంట అలాగే వేలాడింది. ఒక కొంగ మా పక్కనే నిలబడి చూసి, చూడ్డానికేమీ లేదని వెళ్లిపోయింది.

"ఏమైందయ్యా?" అంది మేడం.

"గాలి లేదు మేడం."

"పట్టికల గాలి ఏ గడి?"

ఇద్దరం వేళ్ల మీద గళ్లన్నీ లెక్కపెట్టాం. పద్దెనిమిది గళ్లలో గాలి లేదు.

ఆమెను అనడానికి లేదు. దుమ్ము చేరకూడని మా ల్యాబ్ గదుల్లో గాలి పైకప్పు నుంచి వస్తుంది. వడగట్టి, ఇంత వేగమని నిర్ణయించి, రాత్రీ పగలూ కిందికి వదులుతారు. ఆగితే అలారం మోగుతుంది. ఇరవై ఏళ్లు అలాంటి గాలి కింద బతికిన మనిషి దానికి ఒక గడి ఎందుకు గీస్తుంది? నన్ను మాత్రం ఎంతైనా అనొచ్చు. నేను నేర్చుకున్నది ఆషాఢ శ్రావణాల గాలుల్లో. గాలిని తట్టుకోవడం నేర్పారు గానీ, దాని కోసం ఎదురుచూడటం ఎవరూ నేర్పలేదు. అయినా తెరచాప పడవకు గాలి కావాలని తెలుసుకోవడానికి కేడెట్ కానక్కర్లేదు.

ఒడ్డున డ్రైవర్ బీడీ ఆర్పి దగ్గరికొచ్చాడు.

"సలికాలం గాలి యాడుంటది సార్? కోతలైనంక మా అబ్బా వడ్లు తూర్పార పడదామని గంపెత్తుకొని పొద్దంత నిలబడి పరేషాన్ అయ్యేటోడు. గందుకే ఇగ ఫ్యాన్ తెచ్చుకున్నం."

"మరి ముందే చెప్పొద్దా?"

"మీరు సదువుకున్నోళ్లు. గన్ని గళ్లు గీసిన్రు. గాలి లేకుంట నడిపే ఉపాయం ఏమన్న ఉన్నదేమో అనుకున్న."

మేడం నవ్వలేదు. "అస్సలే రాదా?" అని అడిగింది.

"పదకొండు దాటినంక తూర్పు దిక్కుకెల్లి జరంత వస్తది మేడం. వస్తే. ఒక అరగంట."

తూర్పు గాలి పడవను పడమటికి తోస్తుంది. మేం పడమటి ఒడ్డునే ఉన్నాం, పార్కింగ్‌కు పదికి పది వచ్చింది కనక. ఆమె కోరిక తీరాలంటే ముందు తూర్పు ఒడ్డుకు చేరాలి. ఉన్నది ఒక్కటే తెడ్డు.

"పోయేటిది లెక్కల రాదు," అంది మేడం. "వచ్చేటిదే లెక్క. ఎయ్యి."

రెండు గంటలు వేశాను. ఆమె చుక్కాని పట్టుకుని, నేను ఏ పక్క తక్కువ వేస్తున్నానో చెబుతూ వచ్చింది. దారిలో రెండు బర్రెలు ఈదుకుంటూ మమ్మల్ని దాటిపోయాయి. నేను వాటి వైపు చూడలేదు.

తూర్పు ఒడ్డున అరటిపండ్లు తిని కూర్చున్నాం. పదకొండున్నరకు నీళ్ల మీద సన్నటి గరుకు లేచింది. తెరచాప ఒకసారి దగ్గి, నిండింది. మేడం రెండు చేతులతో చుక్కాని పట్టుకుంది.

"గట్టిగ పట్టొద్దు మేడం."

"నువ్వు మాట్లాడకు."

పడవ కింద నీళ్లు చిన్నగా చప్పుడు చేశాయి. ఆ వేగానికి ఎవరికీ బహుమతి రాదు గానీ, ఆమె మొహం చూశాక హేళన చేద్దామనుకున్న నాలుగు మాటలూ మింగేశాను. నాకది అలవాటు లేని పని.

పన్నెండున్నరకు, పడమటి ఒడ్డు ముప్పై అడుగులుందనగా గాలి పోయింది. నేను తెడ్డందుకున్నాను.

"పెట్టు కింద."

"ముప్పై అడుగులే మేడం."

"పెట్టు కింద అన్న."

ఒడ్డు నుంచి డ్రైవర్ అరిచాడు. "మేడం, తాడు ఎయ్యాల్నా?"

"వద్దు!"

గంటా, గంటన్నరా. ఎండకు నా మెడ కాలింది. ఆమె చుక్కాని వదల్లేదు. ఒడ్డున డ్రైవర్ ట్రాలీ ఆటో నీడలో పడుకున్నాడు. రెండు దాటాక పడవ ముందుభాగం బురదకు మెత్తగా తగిలింది. తెరచాప కదిలినట్టు నేను చూడలేదు. ఒడ్డున బర్రెలు దిగుతుంటే వచ్చిన అలో, మా బరువుకు పడవ జరిగిందో, నాకిప్పటికీ తెలియదు.

"గాలేనా?" అని అడిగింది, నా వైపు చూడకుండా.

"గాలే మేడం," అన్నాను.

ఆమె చెప్పులు చేత పట్టుకుని, మోకాలి లోతు నీళ్లలోకి దిగింది.