ఫ్రీజర్‌లో బస్సు డీజిల్

ఏ వస్తువునైనా ఫ్రీజర్‌లో పెట్టి, గడ్డ కడుతుందో లేదో చూస్తే తప్ప మా తాతయ్యకు మనసు నిలవదు. కొబ్బరినూనె, దగ్గుమందు, బూట్‌పాలిష్, అన్నీ అందులోకి వెళ్లొచ్చినవే. మనవలం మేమూ వెళ్లొచ్చేవాళ్లమే, తలుపు పట్టక బతికిపోయాం.

ఉద్యోగం అలాంటిది. హోటళ్లలో వాడేసిన నూనెతో డీజిల్ తీసే కార్ఖానాలో ఆయన కెమిస్టు. డీజిల్ తీశాక అడుగున చిక్కటి పాకంలా గ్లిజరిన్ మిగులుతుంది. దాన్ని ఈథర్ అనే పల్చటి ద్రవంగా మార్చి మళ్లీ డీజిల్‌లోనే కలిపితే చలికి పేరుకోదని ఆయన పట్టుదల. కార్ఖానా ఫ్రీజర్ పాడైతే వచ్చి ఇంటి ఫ్రీజర్ మీద పడ్డారు.

అమ్మమ్మ బఠాణీల కోసం చెయ్యి పెడితే సీసా. ఐసు కోసం పెడితే సీసా. తలుపు తీసిన ప్రతిసారీ గుండె మీద చెయ్యి వేసుకునేది.

"ఇది వంటిల్లా, పెట్రోలు బంకా?"

"తలుపు వెయ్యవే, చలి పోతుంది. గడ్డ కట్టిందా?"

"నా రక్తం కట్టింది."

ఒకరోజు మా నాన్న ప్రయాణం చేసొచ్చి, దాహంతో బంగారు రంగు సీసా ఒకటి ఎత్తారు.

"మామయ్యగారూ, ఇదేం జ్యూసు?"

"తాగకు అల్లుడూ, అది బస్సు తాగేది."

నాన్న చేతిలో సీసా, అమ్మమ్మ చేతిలో గరిటె ఎక్కడివక్కడ ఆగిపోయాయి. తాతయ్య ఒక్కరే కదిలి, సీసా లాక్కుని వెలుతురుకెత్తి చూసి, "భేష్, ఇంకా కట్టలేదు" అన్నారు.

ఆ పూటే అమ్మమ్మ తేల్చేసింది. "రేపు నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఒక్క సీసా కనబడినా బయట పారేస్తాను."

"చలికి నిలుస్తుందో లేదో రేపే కదే తెలిసేది" అని తాతయ్య గొణిగారు. ఆవిడ వినిపించుకోలేదు.

మర్నాడు ఒళ్లు కొంకర్లుపోయే చలి. మోకాళ్ల వ్యాయామానికి అమ్మమ్మ వెళ్లేది పొద్దున్నే మొదటి బస్సులో. కిందటి చలికాలం డీజిల్ పేరుకుని అది కొండ ఎత్తు మధ్యలో ఆగిపోతే, మెకానిక్ వచ్చేదాకా వణుకుతూ కూర్చుంది. అందుకే ఈసారి దుప్పటి కూడా పట్టుకెళ్లింది. దారి పక్కన లారీలు మొరాయించి నిలబడి ఉన్నాయి. బస్సు మాత్రం దగ్గకుండా, తుమ్మకుండా ఎత్తు ఎక్కేసింది. అమ్మమ్మ తెరిచిన నోరు మూయలేదు.

"ఏం నాయనా, ఇవాళ ఆగలేదేం?"

"ఎలా ఆగుతుందండీ? మీ ఆయన మందు కలిపిన డీజిల్ ఇవాళే పోశాం" అన్నాడు డ్రైవరు. "'మా ఆవిడ మోకాళ్లు చలికి ఓర్చుకోలేవు, నీ బండి దారిలో ఆగడానికి వీల్లేదు' అని ఏడాదిగా నా ప్రాణం తోడేస్తున్నారు. మీకు చెప్పలేదాండీ?"

ఇంటికొచ్చేసరికి తాతయ్య సీసాలన్నీ బుట్టలో సర్దుకుని, తప్పు చేసిన పిల్లాడిలా పక్కనే కూర్చున్నారు. అమ్మమ్మ ఫ్రీజర్‌లోంచి బఠాణీల పొట్లం, ఐసు ట్రే తీసి బల్ల మీద పడేసింది. సీసాలు ఒక్కొక్కటే లోపల పెట్టింది. గుండె మీద చెయ్యి వేసుకోవడం ఈసారి తాతయ్య వంతైంది.

"ఇదేమిటే?"

"ఏం లేదు. వీటి మీద 'బస్సుది' అని రాసి అంటించండి. అల్లుడు మళ్లీ వస్తాడు."

తలుపు వేయబోతూ ఆవిడ చివరి సీసాను వెలుతురుకెత్తి, కళ్లు చికిలించి చూసింది.

"కట్టలేదు లెండి."