నా పేరుకు పలికిందెవరు?

కర్పూరం వెలిగించండి... అరచేత్తో ఆర్పి ప్రమాణం చేసి చెబుతాను. ఇందులో ఒక్క ముక్క కల్పించింది కాదు. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. తర్వాత మీకు నవ్వు రాదు.

అప్పుడు నేను కుంపిణీ సిపాయిని. మా పటాలం మదురలో. చెల్లెలి పెళ్ళికని సెలవు పెట్టి అన్నూరు పక్కన మా ఊరికి వచ్చాను. తిరిగి పోతుంటే పాళెగాళ్ళు కుంపిణీ మీద తిరగబడ్డారు. దారి పొడుగునా చెట్లు నరికి అడ్డం పడేశారు. బండ్లన్నీ ఆగిపోయాయి. ఎర్ర కోటు కనబడితే ప్రాణం దక్కదు. దాన్ని మూటలో కుక్కి, చేలకడ్డం పడి నడిచాను. అటు పటాలంలో ఇంకో గండం. సెలవు గడువు తీరే రాత్రి పేర్లు పిలిచేటప్పటికి లేకపోతే శత్రువుల్లో కలిశాడని లెక్క. కాల్చేస్తారు.

ఆ గడువు రాత్రి... నేనింకా మదురకు ఇవతలున్న వాడిపట్టి కూడా దాటలేదు. కాళ్ళనిండా బొబ్బలు. జనం వదిలి పారిపోయిన సత్రం ఒకటి కనిపిస్తే అరుగు మీద కూలబడ్డాను. ఏడుపొచ్చింది. సిగ్గెందుకు, ఏడ్చాను.

అప్పుడు వినబడింది.

టక్... టక్...

పళ్ళతో వక్క కొరుకుతున్న చప్పుడు. సత్రం లోపల్నుంచి. ఊపిరి బిగబట్టాను. చప్పుడు ఆగింది.

"ఎవురప్పా అది?"

తెలుగు! మన ఇంటి తెలుగు! ప్రాణం లేచొచ్చింది. ఎటు విన్నా అరవమే వినబడే సీమలో మన మాట చెవిన పడితే ఒళ్ళు మరిచిపోతాం కదా. నేనూ మరిచాను.

"మనోళ్ళేనా? ఏ ఇంటోళ్ళు?"

"చింతలోళ్ళం అన్నా. అన్నూరు పక్క. నా పేరు రంగసామి." నా కష్టమంతా వెళ్ళబోసుకున్నాను.

"పొద్దున పోతే ఒప్పుకోరా?"

"ఈ రాత్రే ఉండాలన్నా. లేకుంటే చంపేస్తారు."

టక్... టక్...

"పండుకో తమ్ముడూ. నీ బదులు నేను పలుకుతాలే."

ఎగతాళి అనుకున్నాను. గుర్రమెక్కినా పేర్లు పిలిచే వేళకు మదుర అందదు. "సరే, పలుకన్నా" అన్నాను. నవ్వుతూనే అన్నాను...

తర్వాత చప్పుడు లేదు. "అన్నా" అని పిలిచాను. లేదు. చెకుముకి కొట్టి, వత్తి వెలిగించి లోపలికి చూశాను. ఒకటే గది. ఇంకో వాకిలి లేదు. నేల మీద మందంగా దుమ్ము... ఒక్క అడుగు జాడ లేదు.

ఎలా పరుగెత్తానో నాకే తెలియదు. మర్నాడు పొద్దెక్కాక పటాలం చేరాను. నాలాగే ఆలస్యమైన వాడొకణ్ణి గుంజకు కట్టేసి ఉంచారు.  హవల్దారు నేరుగా నా దగ్గరికే వచ్చాడు. అయిపోయింది అనుకున్నాను.

"ఏమ్రా రంగసామీ, పొద్దున్నుంచి ఎక్కడ తిరుగుతున్నావు?" అని అరవంలో గద్దించాడు. "రాత్రి పిలిస్తే పలికావు కదా!"

నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను.

"అదేం పలకడంరా? 'హాజిర్' అనక, మీ ఇంటి మాటలో 'ఉండానన్నా' అంటావా? పైగా నోట్లో వక్క!"

నేను వక్క వెయ్యను. మా దళంలో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే.

చీకట్లో నా కోసం ఎవడైనా పలికాడేమోనని వరసలో వాళ్ళందర్నీ అడిగాను. ఒక్కడూ ఒప్పుకోలేదు. పక్కవాడు నన్ను ఎగాదిగా చూసి, "నువ్వే కదరా నా పక్కన నిలబడ్డావు" అన్నాడు.

బతికాను. ఆయన పుణ్యమే, కాదనను. కానీ ఆయనెవరో, ఆ రాత్రి తీసుకున్న నా పేరు నాకు తిరిగిచ్చాడో లేదో ఇప్పటికీ తెలియదు. అందుకే ఎవరైనా పిలిస్తే వెంటనే పలకను. ఇంట్లోవాళ్ళు ముసలాడికి చెవుడనుకుంటారు. అనుకోనీ. నేను కాసేపు ఆగుతాను... నాకంటే ముందు ఎవరైనా పలుకుతారేమోనని.