ఏ సరస్సులో కలిపారు?

ఇన్నేళ్లూ నా మాట ఎవరూ వినిపించుకోలేదు. ఉత్తరాలకు జవాబు రాలేదు. ఫోన్ చేస్తే, నా గొంతు వినగానే మా బావమరిది పెట్టేస్తాడు. అందుకే ఇక్కడ, నలుగురూ చదివే చోట రాస్తున్నాను.

వైటూకే పని మీద ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ వచ్చి, యూనివర్సిటీ జన్యు ల్యాబ్‌లో కంప్యూటర్ల తేదీలు సరిచేస్తున్నప్పుడు నా భార్య పరిచయమైంది. ఫిన్లాండ్ నుంచి వలస వచ్చినవాళ్ల కూతురు. ఫిన్నుల జన్యువులను పొరుగున ఉన్న ఎస్తోనియన్లతో, ఉత్తరాదిన ఉండే సామీ తెగవాళ్లతో పోల్చి చూడటం ఆమె ఉద్యోగం. పెళ్లయ్యాక నా దగ్గర నేర్చుకున్న తెలుగు ముక్కతోనే పిలిచేది.

“ఏవండీ, మా నాన్నకి తండ్రితాతల నుంచి వచ్చిన జన్యువుల వరస ఎక్కడిదో తెలుసా? ఉరల్ కొండల అవతలిది. ఆసియా! తల్లుల నుంచి వచ్చిన వరసేమో మిగతా యూరప్‌లాగే ఉంది. వచ్చినవాళ్లూ, అక్కడున్నవాళ్లూ కలిసిపోయారు.”

“మీ నాన్నకి చెప్పు.”

“చెప్తే పెరట్లో బార్బెక్యూ పొయ్యి మీద సాసేజ్‌లతో పాటు నన్నూ కాలుస్తాడు.”

చెప్పనే చెప్పింది. మామగారు నావైపు చూసి, “నీ మొగుడి కోసం మమ్మల్ని ఆసియావాళ్లని చేస్తున్నావా?” అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేను మరచిపోలేదు.

ఆ మరుసటి ఏడే ఆమె మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయింది. దహనమయ్యాక అస్థికలను తెల్లగుడ్డలో మూటకట్టి, పెరట్లో జకరాండా కొమ్మకు కట్టాను. నిమజ్జనం దాకా వాటిని ఇంట్లోకి తేకూడదు, మా ఇళ్లలో పద్ధతి అది. గోదావరికి వెళ్లడానికి సెలవు కోసం ఎదురుచూస్తూ ఆ చెట్టు కిందే కూర్చునేవాణ్ని.

మామగారు, బావమరిది వచ్చి చూశారు.

“నా కూతుర్ని చెత్తసంచిలా చెట్టుకు వేలాడదీశావా? నీ ఇంట్లో చోటే లేదా దానికి?”

చెప్పబోయాను. విననివ్వకుండా బావమరిది మూట విప్పి తీసుకున్నాడు. “అక్క మా రక్తం. మా వాళ్ల దగ్గరే ఉంటుంది” అన్నాడు. తరవాత ఫిన్లాండ్‌లో ఏదో సరస్సులో కలిపేశారట. ఆ సంగతి కూడా పరాయివాళ్ల నోట విన్నాను.

ఏది మీ రక్తం, బావమరిదీ? ఎక్కడినుంచో వచ్చిన గుప్పెడుమంది అక్కడివాళ్లతో ఇల్లు కట్టుకుంటేనే కదా మీరు పుట్టింది? మీ అక్క అది మీ ముందే చెప్పింది. మరి ఆమెతో ఇల్లు కట్టుకున్న నేను ఎవర్ని?

మామగారు కూడా పోయారు. ఇక తెలిసినవాడివి నువ్వొక్కడివే. మీ దేశంలో సరస్సులు వేలల్లో ఉన్నాయంటారు. ఏటా ఆమె తిథినాడు నీళ్లు వదలబోతే, ఎటు తిరగాలో తెలియక చేయి ఆగిపోతుంది. నీకు తెలుగు రాదు, ఎవరిచేతనైనా చదివించుకో. నన్ను బావ అనక్కర్లేదు. ఆ సరస్సు పేరు చెప్పు.