భోజనం వేళ మోగే సెన్సర్

ఎంబాలే ఊళ్లో గిదూదుకి ఎవరైనా టీ ఇస్తే, ముందు ఇచ్చినవాళ్ల మొహం చూస్తాడు, తర్వాత గ్లాసు చూస్తాడు, ఆ తర్వాత "నువ్వు ముందు తాగు" అంటాడు. అత్తగారింట్లో కూడా అదే మాట అన్నాడు. ఆవిడ ఓ గుక్క తాగి గ్లాసు చేతిలో పెట్టి, అల్లుడికి బుర్ర తిరిగిందేమోనని కూతుర్ని పక్కకి పిలిచి అడిగింది. బుర్ర తిరగలేదమ్మా, ఆయన పుట్టుకే అంత అంది కూతురు.

పుట్టుక కాదు. పెళ్లైన కొత్తలో బజార్లో ఇస్త్రీ పెట్టె కొన్నాడు. ఇంటికొచ్చి దాని కవేరా, అదే, కొత్త వస్తువుకి చుట్టి ఉండే ప్లాస్టిక్ తొడుగు, చింపి చూస్తే పెట్టె వేడెక్కలేదు. తిరిగి తీసుకెళ్తే కొట్టువాడు పెట్టెను చూడనే లేదు. "కవేరా చింపావుగా, ఇంకేం వాపసు" అన్నాడు. ఆ రోజు నుంచి గిదూదు కొన్న ఏ వస్తువుకీ కవేరా ఊడలేదు. కుర్చీకి ఉంది, గడియారానికి ఉంది. పరుపుకి కూడా ఉంది కాబట్టి రాత్రి ఒకరు పక్కకి తిరిగితే ఆ చప్పుడుకి రెండోవాళ్ళకి మెలకువ వచ్చేస్తుంది. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఆ పరుపు మాత్రం ఇంకా వాపసు ఇవ్వడానికి సిద్ధంగానే ఉంది.

ఇలాంటి మనిషికి కాఫీ రైతుల సంఘం యంత్రాల గది అప్పగించడంలో తప్పేం లేదు. ఆ గదికి అనుమానం ఉన్నవాడే కావాలి. కొండ మీది రైతులు ఎవరెంత కాఫీ పోశారో, ఎవరికెంత రావాలో అన్నీ ఆ గదిలోని సర్వర్లలోనే ఉంటాయి. పోయిన ఎండాకాలం ఒక ఆదివారం ఏసీ ఆగిపోయింది. ఎవరికీ తెలియలేదు. సోమవారం తలుపు తీస్తే లోపల పొయ్యి మీది గిన్నె మూత తీసినట్టుంది. సర్వర్ చచ్చిపోయింది. రైతులు వారాల తరబడి డబ్బు అందక గేటు దగ్గర కూర్చున్నారు, గిదూదు వాళ్ల మధ్యలోంచి తల దించుకుని నడిచాడు. ఇంకోసారి ఇలా జరిగితే ఈ గదికి వేరే మనిషిని చూసుకుంటానని మేనేజరు నాంబోజో ఆ రోజే చెప్పేసింది.

అందుకే సెన్సర్ కొనమంది. గదిలో వేడి పెరిగితే తనకీ గిదూదుకీ ఫోన్లు మోగాలి. చవగ్గా ఉండాలి, ఎందుకంటే ఇది పనిచేస్తే కొండ మీద కాఫీ కొనే కేంద్రాలన్నిటికీ ఇవే తీసుకోవాలి.

గిదూదు కరెంటు సామాన్లు అమ్మే వన్యేంజె కొట్టుకి వెళ్లాడు. ఆవిడ మూడు రకాలు బల్ల మీద పెట్టింది.

"ఇది అన్నిటికన్నా చవక, పెద్దాయనా. కాకపోతే ఫోను అదే గదిలో ఉంటేనే చెప్తుంది."

"నేను గదిలోనే ఉంటే నా ఒళ్ళే చెప్తుంది కదమ్మా. దీనికి డబ్బెందుకు?"

"అయితే ఇది తీసుకో. ఎక్కడున్నా చెప్తుంది. ముందు కంపెనీకి చెప్పి, ఆ తర్వాత నీకు చెప్తుంది. నెలనెలా కొంచెం కట్టాలి."

"ఎక్కడుంది ఆ కంపెనీ?"

"ఎక్కడో సముద్రం అవతల."

"మా గదిలో వేడెంతుందో సముద్రం అవతలివాడికెందుకు? తెలుసుకుని ఏం చేస్తాడు?"

"నాకేం తెలుసు. అడిగొస్తావా?"

మూడోది మామూలు నెట్‌వర్క్ తీగకే తగిలించేది. కరెంటు కూడా ఆ తీగలోంచే తీసుకుంటుంది, మధ్యలో కంపెనీ లేకుండా తానే సందేశం పంపుతుంది, నెలనెలా కట్టేదేమీ లేదు. గిదూదు దాన్ని తిప్పి చూశాడు, ఊపి చూశాడు, వాసన చూశాడు. ఇంత మంచిది ఇంత చవగ్గా ఎందుకిస్తున్నావని అడిగాడు. వన్యేంజె నవ్వింది.

"నీలాంటివాళ్ళు కొనరు కాబట్టి. తీసుకెళ్లు, నెల రోజులు చూడు. నచ్చకపోతే వెనక్కి తీసుకుంటా. కవేరా మాత్రం చిరగకూడదు. ఇంకోటి, గాలి తగిలేచోట పెట్టు."

చిరగకూడదన్న మాట గిదూదుకి గుండెలో నాటుకుంది. గాలి సంగతి చెవిలో పడింది.

గదిలో ఏసీ గాలి సూటిగా యంత్రాల మీదికే పోతుంది, గిదూదు కూర్చునే మూలకి రాదు. అందుకని బల్ల మీద ఒక చిన్న ఫ్యాన్ పెట్టుకున్నాడు. సెన్సర్ని ఆ ఫ్యాన్‌కి ఎదురుగా ఇనుప చట్రానికి కట్టాడు. గాలి తగలాలన్నారు కదా, తగులుతోంది. కవేరాకి తీగ పట్టేంత సందు మాత్రం అడుగున జాగ్రత్తగా కత్తిరించాడు, మిగతాది చెక్కు చెదరలేదు.

మొదటి రోజు పొద్దున్నంతా బాగానే ఉంది. మధ్యాహ్నం ఫ్యాన్ ఆపేసి, తలుపు తాళం వేసి, రోడ్డు అవతల మతోకె, అదే, ఉడికించిన పచ్చి అరటికాయ ముద్ద, వండే ఆవిడ దగ్గర తినడానికి కూర్చున్నాడు. నోట్లో ముద్ద ఉండగానే ఫోన్ మోగింది. గది వేడెక్కుతోంది. గిదూదు పళ్ళెం వదిలేసి పరుగెత్తాడు.

గేటు దగ్గర కాపలాదారు ఖౌకా ఉన్నాడు. "ఏమైంది జతగాడా, కుక్క తరుముతోందా?" అని గట్టిగా అరిచాడు.

గదిలోకి వెళ్తే చల్లగానే ఉంది. ఏసీ తన పని తాను చేసుకుపోతోంది. గిదూదు ఆయాసపడుతూ కుర్చీలో కూర్చుని ఫ్యాన్ వేసుకున్నాడు. కాసేపట్లో సెన్సర్ అంకె దిగిపోయింది.

మర్నాడు భోజనం వేళ మళ్ళీ అదే. ఆ తర్వాతి రోజూ అంతే. తాను గదిలో ఉన్నంతసేపూ, రాత్రి చలిలోనూ సెన్సర్ నోరు మెదపదు, మధ్యాహ్నం తాను బయటికి పోగానే మొదలుపెడుతుంది. పరుగెత్తుకొచ్చి చూస్తే గది చల్లగా ఉంటుంది. ఇంకొకడైతే సెన్సర్ని అనుమానించేవాడు. గిదూదు కూడా ముందు దాన్నే అనుమానించాడు, కానీ మనిషి చెయ్యి లేకుండా యంత్రం భోజనం వేళ కనిపెట్టి మరీ అబద్ధమాడుతుందా? ఎవరో లోపలికొచ్చి ఏసీ తీగ పీకుతున్నారు. తన అడుగుల చప్పుడు వినగానే మళ్ళీ పెట్టేస్తున్నారు. రెండో తాళంచెవి ఉన్నది ఒక్క ఖౌకా దగ్గరే.

ఒకసారి ఇటు తిరిగాక అన్నీ కుదిరిపోయాయి. మోటారు సైకిళ్ళు నడిపేవాళ్ళు తమ ఫోన్లు ఛార్జింగుకి ఖౌకాకే ఇస్తారు. అతని గుడిసెలో కరెంటు ఉన్నదెంత, ఏసీ తీగ పీకి ఇక్కడ పెడితే తప్ప ఆ ఫోన్లన్నీ నిండేదెలా? ఇక ఆ గట్టిగా పలకరించడం. కుక్క తరుముతోందా అని అంత గొంతు ఎందుకు? లోపల అతను పెట్టిన మనిషికి వినపడాలనేగా.

ఖౌకా ఎవరో చెప్పకపోతే ఈ అనుమానం బరువు తెలియదు. మా కొండల్లో కుర్రాడు మగాడనిపించుకోవాలంటే ఊరంతా చూస్తుండగా సున్తీ కత్తి ముందు రెప్ప వేయకుండా నిలబడాలి. ఒకే ఏడు అలా నిలబడ్డవాళ్ళు చచ్చేదాకా జతగాళ్ళు. ఒకరి పళ్ళెంలో ఒకరు చెయ్యి పెడతారు, ఒకరి మీద ఒకరు పరాయివాళ్ళ దగ్గర మాట చెప్పరు. గిదూదు, ఖౌకా ఒకే ఏడు, ఒకే ముంగిట్లో నిలబడ్డారు. ఒకడు చదువుకుని గదిలోకి వెళ్లాడు, ఇంకొకడు చదువుకోక గేటు దగ్గర ఉండిపోయాడు, అంతే తేడా. ఊరందరితో "నువ్వు ముందు తిను" అనే గిదూదు జన్మలో ఆ మాట ఎవరితోనైనా అనలేదంటే అది ఖౌకాతోనే.

ఫోన్ నాంబోజోకి కూడా మోగుతోంది కదా. ఆవిడ పిలిపించింది.

"రోజూ ఇదేంటి గిదూదూ? గదిలోకి ఎవరైనా వెళ్తున్నారా?"

"నేను తాళం వేసే వెళ్తున్నా మేడమ్."

"ఇంకో తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"గేటు దగ్గర."

"అంటే ఖౌకా పనా?"

"నేను పేరు చెప్పలేదు మేడమ్. తాళంచెవి సంగతి చెప్పాను."

ఎంత తెలివైన మాటో చూడండి. కత్తి తాను పట్టుకోలేదట, పిడి ఎటుందో మాత్రం చూపించాడట. నాంబోజో తేల్చేసింది. నువ్వు భోజనానికి వెళ్లినప్పుడు ఇంకొక్కసారి ఇది మోగిందంటే ఖౌకాని ఆ నిమిషమే పంపించేస్తానంది. ఖౌకా నిద్రపోయేది కూడా ఆ గేటు పక్క గుడిసెలోనే. పంపించేస్తే ఉద్యోగంతో పాటు గూడు కూడా పోతుంది. గిదూదు అదంతా తెలిసీ తల ఊపి వచ్చేశాడు.

కానీ చేతులారా పట్టుకుంటే తప్ప మనసు ఒప్పుకోదు అనుకున్నాడు. మర్నాడు భోజనానికి వెళ్లలేదు. లోపలినుంచి గడియ వేయకుండా తలుపు దగ్గరగా వేసి, దీపం ఆర్పి, చప్పుడు కాకూడదని ఫ్యాన్ ఆపి, సర్వర్ల చట్రం వెనక దొంగలా నక్కి కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. తలుపు కింది వెలుతురు వైపే చూస్తున్నాడు. ఏసీ ఒక్క క్షణం కూడా ఆగలేదు.

జేబులో ఫోన్ మోగింది.

గిదూదు గది నలుమూలలా చూశాడు. తాను తప్ప ఇంకెవరూ లేరు. లేచి సెన్సర్ దగ్గరికెళ్లి కవేరా మీద చెయ్యి పెట్టాడు. అప్పుడే పెట్టిన కోడిగుడ్డులా వెచ్చగా ఉంది. పనిచేసే వస్తువు కదా, తన వేడి తనకుంటుంది. అది కవేరాలోంచి బయటికి పోయే దారి లేదు. ఫ్యాన్ తిరుగుతున్నంతసేపు పైనుంచి చల్లారుతోంది, ఫ్యాన్ ఆపి తాను తిండికి పోగానే లోపల ఉడుకుతోంది. ఫ్యాన్ వేశాడు. అంకె దిగింది. ఆపాడు. ఎక్కింది. అప్పుడు రెండు చేతులతో కవేరాని పరపరా చింపేశాడు. అంకె మళ్ళీ దిగడం మొదలుపెట్టింది, ఈసారి ఫ్యాన్ లేకుండానే.

ఏళ్ల తర్వాత గిదూదు చింపిన మొదటి కవేరా అది. దాన్ని పిడికిట్లో పట్టుకునే నాంబోజో గదికి పరుగెత్తాడు.

"ఇప్పుడే పంపించేశా," అంది ఆవిడ ఫోన్ చూపిస్తూ. "మళ్ళీ మోగింది."

"గదిలో నేనే ఉన్నా మేడమ్. ఎవరూ రాలేదు. తప్పు నాది. దీన్ని తీయలేదు."

నాంబోజో అతని చేతిలోని ప్లాస్టిక్ ముక్కని చూసింది. "సెన్సర్ మంచిదేనా?"

"మంచిదే."

"అయితే దాన్ని ఉంచుదాం. వెళ్లి అతన్ని తీసుకురా. నేను చెప్పానని కాదు, నువ్వేం చేశావో నీ నోటితోనే చెప్పి తీసుకురా."

ఖౌకా అప్పటికే దుప్పటి చుట్టేశాడు. ఫోన్లు ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తున్నాడు. గిదూదు నిలబడి మొత్తం చెప్పాడు. తాళంచెవి మాట కూడా దాచలేదు. మోటారు సైకిళ్లవాళ్ళు వింటున్నారు. ఖౌకా ఫోన్ల తీగలు చుడుతూ విన్నాడు.

"ఇవేళ నువ్వు గేటు దాటలేదు," అన్నాడు చివరికి. "ఒంట్లో బాగోలేక లోపల పడుకున్నావేమో అనుకున్నా. నీ నిద్ర చెడుతుందని ఎవర్నీ అటు రానివ్వలేదు. మేడమ్ పిలిచినప్పుడు కూడా నీ గది దారిలోనే కాపలాగా నిలబడి ఉన్నా."

ఖౌకా దుప్పటి విప్పి మళ్ళీ గుడిసెలో వేశాడు. పనిలో ఉంటానన్నాడు. రెండో తాళంచెవి మాత్రం గిదూదు చేతిలో పెట్టేశాడు. ఎంత బతిమాలినా తిరిగి తీసుకోలేదు.

కొండ మీది కేంద్రాలకి కూడా అవే సెన్సర్లు కొన్నారు. కవేరాలన్నీ కొట్టులోనే చింపించి తెచ్చాడు గిదూదు. వన్యేంజె అతన్ని వింతగా చూసింది. ఆ వారంలోనే ఇంట్లో పరుపు తొడుగు కూడా తీసేశాడు. ఆ రాత్రి చప్పుడు లేక భార్యకి నిద్ర పట్టలేదట.

తర్వాతి ఆదివారం భార్య చేత మలేవా, మా కొండ వెదురు మొలకల కూర, వేరుశనగ ముద్దేసి వండించి, గిన్నె పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లాడు. ఖౌకా ముక్కాలిపీట జరిపి చోటిచ్చాడు. మంచి చెడ్డా అడిగాడు, పిల్లల గురించి అడిగాడు. గిదూదు గిన్నె మూత తీసి ఇద్దరి మధ్యా పెట్టి, ఎప్పట్లాగే ఖౌకా చెయ్యి ముందు పడుతుందని చూశాడు.

ఖౌకా గిన్నెని మెల్లిగా అతని వైపు నెట్టాడు. గొంతులో కోపం లేదు.

"నువ్వు ముందు తిను," అన్నాడు.

గిదూదు తిన్నాడు. ఖౌకా ఆ ముద్ద గొంతు దిగేదాకా చూసి, అప్పుడు గిన్నెలో చెయ్యి పెట్టాడు.