బాబాయి మడిలో లేజర్ గీత

బోగోలు దగ్గర మా బాబాయి మడిని లేజర్‌తో చదును చేయించిన రోజున నేనూ వెళ్లాను. మర్నాడు పొద్దున్నే కాలువకు నీళ్లు వదులుతారు. ఆలోపు మడి సమం కాకపోతే ఒక మూల పైరు మునుగుతుంది, ఇంకో మూల ఎండుతుంది. ట్రాక్టరు డ్రైవరు సాయంత్రం దాకే ఉంటాడు.

గట్టు మీద మూడు కాళ్ల స్టాండుపై లేజర్ గిర్రున తిరుగుతోంది. ట్రాక్టరు వెనక మట్టి గీకే బకెట్‌కు ఒక కడ్డీ, దాని మీద రిసీవర్. లేజర్ గీత రిసీవర్‌కు ఎక్కడ తగిలిందన్న దాన్నిబట్టి బకెట్ దానంతటదే పైకో కిందికో జరుగుతుంది.

"గీత యాడుందిరా? నాకేం కనపడలా," అన్నాడు బాబాయి.

ఫోన్‌లో చూసి చెప్పాను. బల్బు వెలుగు అన్ని వైపులకీ చెదురుతుంది, అందులో చాలా రంగులుంటాయి. లేజర్‌కి ఒకటే రంగు, ఒకటే దారి. పక్కనించి చూస్తే కనపడదు. దాని అలలన్నీ అడుగులో అడుగేసి నడుస్తాయి.

"మీ పిన్నీ నేనూ ఏనాడన్నా అట్టా నడిచినామా?" అన్నాడు.

అంతలో తూర్పు గట్టు దగ్గర బకెట్ ఎగిరెగిరి పడింది. చదునైన చోట గుంట పడింది. నాకు మండిపోయింది. డ్రైవరు మీద గొంతు చించుకుని అరిచాను.

"నేను ముట్టుకోలా అబ్బయా. అదే ఎగరతాండాది," అన్నాడతను.

ట్రాక్టరు ఓనరుకు పంపిద్దామని వీడియో తీశాను. చూసుకుంటే, బకెట్ ఎగిరిన ప్రతిసారీ వెనక ఏదో తళుక్కుమంటోంది. పక్క నారుమడిలో పిట్టల్ని బెదరగొట్టడానికి కట్టిన మెరుపు రిబ్బన్లు. లేజర్ వాటికి తగిలి వెనక్కి తిరిగి రిసీవర్ మీద పడుతోంది. పరావర్తనం. పదో తరగతిలో చదివిన ముక్కే. డ్రైవరుకు సారీ చెప్పాను.

రిబ్బన్లు తీయమంటే ఆ నారుమడి వేసిన అక్క మాత్రం ఒప్పుకోలేదు. "నిన్ననే మొలకలు చల్లినా. రిబ్బన్లు తీస్తే పిట్టలు ఒక్క గింజ మిగల్చవు. నువ్వు తోలతావా?"

"తోల్తాను."

"అక్కా, ఇందాక నన్నరిచిన గొంతు చాలులే," అన్నాడు డ్రైవరు.

రిబ్బన్లు విప్పాం. పొద్దు వాలేదాకా ఆ నారుమడి చుట్టూ అరుస్తూ పరిగెత్తాను. బకెట్ మళ్లీ ఎగరలేదు. గుంటా పూడింది.

పొద్దున నీళ్లు నాలుగు మూలలా చీలమండ లోతే నిలిచాయి. బాబాయి నవ్వుతూ ఏదో అడిగాడు. జవాబు చెప్పడానికి నాకు గొంతు లేదు.